సోమవారం రాత్రి మూడింటి వాన

మా వీధికి ఒక పత్రిక ఉంది. ఒకటే కాగితం, రెండు వైపులా అచ్చు. వేసవికి ఒకటి, ఆకు రాలే కాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి, వసంతానికి ఒకటి, ఏడాదికి నాలుగు. పదకొండు ఇళ్ళకి పదకొండు, వీధివాళ్ళంతా కలిసే హాలు గోడకి ఒకటి, మొత్తం పన్నెండు ప్రతులు. ఎవరింట్లో నిమ్మకాయలు మిగిలిపోతున్నాయో, హాలు కప్పు ఏ మూల కారుతోందో, మాగ్‌పై పిట్ట ఏ చెట్టు మీద గూడు కట్టిందో అందులో రాస్తారు. గుడ్లు పొదిగే రోజుల్లో ఆ పిట్ట నెత్తి మీద తన్నుతుంది కాబట్టి ఆ చివరి వార్త అందరూ చదువుతారు. వెనక వైపు కింద కుడి మూల అరచేయంత జాగా నాది. అక్కడ వాన లెక్క రాస్తాను.

మెల్బోర్న్‌కి పడమరగా, వెర్రిబీ నుంచి కారులో నలభై నిమిషాల దూరంలో, నది ఒడ్డున ఉంది మా ఊరు. మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. వాళ్ళు ఇక్కడ ఇల్లు కొన్న ఏడాదే నేనూ వచ్చాను. తొమ్మిదేళ్ళు నిండాయి. అంతకు ముందు కృష్ణా జిల్లాలో ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. చెప్పడం మానేశాక లెక్కలు ఊరుకోవు. వచ్చిన రెండో వారంలోనే వాన కొలిచే గాజు గొట్టం ఒకటి తెప్పించుకుని పెరట్లో కంచె గుంజకి బిగించాను. ఆ రోజు నుంచి ఒక్క పూట కూడా వదలకుండా రాసిన నోటు పుస్తకాలు ఏడు అయ్యాయి.

మా వీధి హాలు దగ్గర మొదలై నదిలోకి దిగినట్టు పల్లంగా పోతుంది. మా ఇల్లు పై నుంచి రెండోది. అన్నిటికంటే కింద, నదికి ఎదురుగా ఉన్న పదకొండో ఇంట్లో ఎనభై నాలుగేళ్ళ ఆవిడ ఒకతె పిల్లితో ఉంటుంది. భర్త పోయి మూడేళ్ళు. వాకర్ పట్టుకుని నడుస్తుంది. ప్రతి గురువారం పదిన్నరకి నేను ఆవిడ ఇంట్లో టీ తాగుతాను. ఆవిడకి ఇంగ్లీషు తప్ప రాదు, నాది పాఠ్యపుస్తకం ఇంగ్లీషు. ఆవిడ మాటల్ని ఇక్కడ నా తెలుగులో పెడుతున్నాను. నన్ను టీచర్ అంటుంది. ఆ పిలుపులో మర్యాద సగం, వెక్కిరింత సగం.

కిందటి అక్టోబరులో వారమంతా వానే. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి నది వీధిలోకి వచ్చింది. సాయంత్రానికి ఆవిడ గుమ్మం మెట్టు మునిగింది. సహాయం చేసేవాళ్ళు పడవ తెచ్చారు. పిల్లిని దిండు గలీబులో వేసి ఒడిలో పెట్టుకుని ఆవిడ పడవెక్కింది. ఆ రాత్రి మా ఇంట్లోనే ఉంది. నీళ్ళు ఇంట్లోకి రాలేదు కానీ, పడవలో కూర్చున్న తల్లి ఫోటో ఎవరో ఫోన్లో పంపితే, అడిలైడ్‌లో ఉన్న కూతురు మర్నాడు పొద్దున్నకి మా ఇంటి ముందు కారు ఆపింది.

ఆ కూతురు అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో ఉంటుంది. అరవైకి దగ్గర పడిన మనిషి. మా వంటింట్లో కూర్చుని, కోపం లేకుండానే చెప్పింది. "నది వస్తుందని ఒక పూర్తి రోజు ముందు తెలిసే దారి ఉంటే అమ్మని ఇక్కడే ఉండనిస్తాను. లేకపోతే వచ్చే వసంతం లోపల మా ఇంటి వెనక గదిలోకి తీసుకుపోతాను. ఇంకో పడవ నేను చూడలేను."

"పడవ బాగానే ఉంది," అంది తల్లి. "ఆ కుర్రాళ్ళు కూడా బాగున్నారు. మీ నాన్న పోయాక నన్ను చేతులతో ఎత్తినవాళ్ళు వాళ్ళే."

"అమ్మా."

"అరవై ఏళ్ళుగా ఈ నదిని చూస్తున్నాను. మీ వెనక గదిలోంచి ఏం కనిపిస్తుంది? పక్కింటి ఏసీ డబ్బా."

కూతురు నా వైపు తిరిగింది. "మీరు వాన రాస్తారట కదా. ఒక రోజు ముందు తెలుస్తుందా, తెలియదా?"

చూసి చెబుతానన్నాను. అక్కడి నుంచి ఆవిడ ఇల్లు నా లెక్క మీద నిలబడింది.

ఆవిడ బట్టలుతికే గది తలుపు మీద పెన్సిలు గీతలు ఉన్నాయి. నది వీధిలోకి వచ్చిన ప్రతిసారీ తేదీ, గంట, ఎత్తు భర్త రాసేవాడు. ఆయన పోయాక ఆవిడే రాసింది. నేను వచ్చిన తొమ్మిదేళ్ళలో అలాంటి గీతలు నాలుగు. నా పుస్తకంలో ఆ నాలుగింటికి ముందు పడ్డ పెద్ద వానలు ఎప్పుడు మొదలయ్యాయో ఉంది. వాన మొదలైన గంట నుంచి నది వీధిలోకి వచ్చిన గంట వరకు తీసివేత చేస్తే జవాబు వస్తుంది. మూడో తరగతి లెక్క.

మొదటిది ముప్పై ఆరు గంటలు వచ్చింది. రెండోది ముప్పై నాలుగు. కిందటి అక్టోబరుది ముప్పై ఏడు. మిగిలిన ఒక్కటి, మూడేళ్ళ కిందటిది, పదమూడే వచ్చింది. మూడు ఒక దారిలో ఉండి ఒకటి తప్పిపోతే ఆ ఒక్కదాన్నే అనుమానించాను. అది భర్త పోయిన నెలలో ఆవిడ మొదటిసారి రాసిన గీత. దుఃఖంలో ఉన్న మనిషి, గడియారం సరిగా చూసి ఉండదు అనుకున్నాను. ఆవిడని అడగలేదు. కొట్టేశాను.

ఇక్కడ చలికాలం జూన్‌లో మొదలవుతుంది. ఆ పత్రికలో నా మూలని ఆ ఒక్కసారి రెండింతలు చేశారు. మూడు వరుసల పట్టిక వేసి, కింద ఇలా రాశాను: పెద్ద వాన మొదలైన తరవాత నది మన వీధికి రావడానికి కనీసం ముప్పై నాలుగు గంటలు పడుతుంది. ఆవిడ కూతురికి మా ఇంటి ప్రతిని పోస్టులో పంపాను. సరే అయితే, ఉండనివ్వండి అని జవాబు వచ్చింది. ఆ వారమే ఆవిడ స్నానాల గదికి పట్టుకునే కమ్మీలు బిగించే మనిషిని పిలిచింది. కిటికీ కింద గులాబీ మొక్క కొత్తది నాటించింది. "నాలుగేళ్ళకి గానీ బాగా పూయదట టీచర్. నీ లెక్క మీద నమ్మకంతో నాటిస్తున్నా," అంది.

జూలైలో హాలు కప్పు బాగుచేయడానికి అందరం చేరిన ఆదివారం అసలు సంగతి బయటపడింది. మా వీధిలో ఆరో ఇంటాయన బస్సు నడుపుతాడు. ఫిజీ నుంచి వచ్చిన మనిషి. వాళ్ళ ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటలకి వెళ్ళినవాడట. ఇంట్లో విన్న తెలుగు కొంచెం, హిందీ కొంచెం, మిగిలింది ఇంగ్లీషు. నన్ను అక్కా అంటాడు. టీ కప్పు పట్టుకుని గోడ మీద పత్రిక చదువుతూ నన్ను పిలిచాడు.

"అక్కా, ఇది తప్పు ఉంది."

నేను రాసినదాంట్లో తప్పు ఉందని ముప్పై ఒక్క ఏళ్ళలో ఇద్దరు అన్నారు, ఇద్దరివీ తప్పులే. "ఎక్కడ?" అన్నాను.

"ఈ రెండో లైన్. ఆ ఏడాది జూన్ లాంగ్ వీకెండ్, సోమవారం మూడు గంటలకి పెద్ద వాన స్టార్ట్ అని రాసినావు. ఆ సోమవారం మధ్యాహ్నం మా యార్డ్‌లో బార్బెక్యూ పెట్టినా కదా. ఎండ. నువ్వు పులిహోర తెచ్చినావు. వాన ఎక్కడ ఉంది?"

"నా పుస్తకంలో ఉంది."

"మంగళవారం అక్కా. నాకు తెల్లారకముందే మూడున్నరకి డిపోలో డ్యూటీ. కారు దాకా పోయేటప్పటికి తడిసిపోయినా. సాయంత్రం వస్తే వీధిలో నీళ్ళు. నా భార్య ఫోన్ చేసి, బస్సులోనే పడుకో, నీకు అదే ఇల్లు అనింది."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. కప్పు బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేశాను.

పుస్తకం తీస్తే నా చేతిరాతే. 'సోమవారం. పులిహోర, రెండు కిలోల బియ్యం, సరిపోయింది. రాత్రి మూడింటికి పెద్ద వాన.' అక్షరం తప్పు లేదు. మా ఇంట్లో రోజు సూర్యోదయంతో మొదలై మళ్ళీ సూర్యోదయంతో ముగుస్తుంది. మా నాన్న పంచాంగం అలాగే చూసేవాడు. సోమవారం నిద్రపోయి తెల్లవారుజామున మూడింటికి లేస్తే అది ఇంకా సోమవారం రాత్రే. మా చెల్లెలు అలాంటి మూడింటికే పుట్టింది. బడిలో రాసిన పుట్టినరోజు ఒకటి, ఇంట్లో చేసే పుట్టినరోజు ఇంకొకటి. వాన పుస్తకం మొత్తం ఆ పద్ధతిలోనే రాశాను. పట్టిక వేసేటప్పుడు మాత్రం, ఇంగ్లీషు పత్రిక కదా అని, సోమవారం అన్నచోట సోమవారం తేదీ వేసి, మూడు అన్నచోట మూడు వేశాను. తలుపు మీది గీతలేమో వాళ్ళ గడియారం ప్రకారం, అర్ధరాత్రికి రోజు మారే పద్ధతిలో ఉన్నాయి. మూడు వానలూ అర్ధరాత్రి దాటాక మొదలైనవే. మూడింటిలోనూ సరిగ్గా ఇరవై నాలుగు గంటలు ఎక్కువ వేశాను.

మళ్ళీ చేశాను. పన్నెండు, పది, పదమూడు. నేను కొట్టేసిన నాలుగోది సాయంత్రం ఆరింటికి మొదలైన వాన. దానికి రెండు పద్ధతుల్లోనూ రోజు ఒకటే. దాని జవాబు మొదటి నుంచీ పదమూడే. నాలుగింటిలో సరైనది అదొక్కటే, దాన్నే తీసేశాను.

మా అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి, నేను దీపం వేయకుండా కూర్చోవడం చూసి అడిగింది. చెప్పాను.

"సో ముప్పై నాలుగు కాదు, టెన్ అవర్సా?"

"పది."

"అమ్మా, ఆవిడ కూతురికి చెప్తే తీసుకుపోతుంది."

"చెప్పకపోతే?"

తను బ్యాగు కింద పెట్టింది. "చెప్పాలిలే. ఎల్లుండి నాకు ఆఫ్. నేనూ వస్తాను, కావాలంటే."

వద్దన్నాను. తప్పు చేసినవాళ్ళే బోర్డు దగ్గరకి వెళ్ళి దిద్దాలని పిల్లలకి చెప్పినదాన్ని.

గురువారం దాకా ఆగలేదు. మర్నాడు సోమవారం, రెండు పద్ధతుల్లోనూ సోమవారమే, పదిన్నరకి వెళ్ళాను. ఆవిడ కేకు లేదని విసుక్కుంది. నిలబడే చెప్పాను. ముందు ఆవిడ గీతని నమ్మనందుకు క్షమాపణ అడిగాను. తరవాత ఇరవై నాలుగు గంటల సంగతి చెప్పాను.

ఆవిడ కిటికీ కింది గులాబీని చూసింది. దానికి రెండే చిగుళ్ళు ఉన్నాయి.

"ఆ రోజు గడియారం రెండుసార్లు చూసి రాశాను," అంది. "ఆయన రాసినట్టే రాయాలని."

"ఇప్పుడు తెలిసింది."

"పది గంటలు." వాకర్ మీద వేళ్ళతో కొట్టింది. "పది గంటల్లో నేను ఇద్దరు పిల్లల్ని కన్నాను టీచర్. వీధి పైకి ఎక్కలేనా?"

"మీ అమ్మాయికి చెప్పాలి."

"తెలుసు. నువ్వే చెప్పు. నేను చెబితే అందులో నాలుగు గంటలు కలుపుతానని దానికి తెలుసు."

ఫోన్‌లో చెప్పాను. కూతురు అంతా విని, ఆగస్టు రెండో శనివారం వస్తున్నానని మాత్రం అంది. అప్పటికి పంతొమ్మిది రోజులు ఉంది. అంటే సామాను సర్దడానికి వస్తుందని నేనూ, మా అమ్మాయీ అనుకున్నాం. బస్సాయన అలా అనుకోలేదు. "డిపోలో ఫైర్ డ్రిల్ చేస్తాం అక్కా. బస్సు ఖాళీ చేయడానికి ఎన్ని నిమిషాలు, టైమ్ చూస్తాం. ఆమెని కూడా చేద్దాం," అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. పది గంటలు తక్కువా, ఎక్కువా అనేది అవతలి అంకె తెలిస్తే కదా చెప్పగలం.

ఆగస్టు మొదటి శనివారం చేశాం. నేను గడియారం పట్టుకున్నాను. ఆవిడ, వాకర్, మందుల డబ్బా, పెళ్ళి ఫోటో, పిల్లి. కింది ఇంటి నుంచి బస్సాయన కారులో మా ఇంటి భోజనాల బల్ల దాకా గంటా యాభై రెండు నిమిషాలు పట్టింది. అందులో నలభై నిమిషాలు పిల్లిదే. మంచం కిందికి దూరి, బస్సాయన చెయ్యి గీరి, తలుపు వెనక్కి పోయింది.

"బస్సులో ఇలాంటి ప్యాసింజర్ ఉంటే దింపేస్తాను," అన్నాడు.

"టికెట్టు కొనలేదుగా, దానిష్టం," అంది ఆవిడ.

ఆ వారం పిల్లి బుట్టని బట్టలుతికే గదిలో పెట్టి, తిండి అందులోనే వేయమన్నాను. మందుల డబ్బా ఇంకోటి మా ఇంట్లోనే ఉంచాం. రెండో శనివారం కూతురి ఎదుట మళ్ళీ చేశాం. నలభై ఏడు నిమిషాలు. కాగితం మీద వేసి కూతురి ముందు పెట్టాను. తక్కువలో తక్కువ పది గంటలు. నడిరాత్రి వాన మొదలైందనుకుంటే నేను స్నానానికి లేచేది నాలుగింటికి. లేవగానే గొట్టం చూస్తాను. నాలుగు గంటలు పోయినా ఆరు మిగులుతాయి. కావలసింది ఒక్క గంట లోపు. గొట్టానికి ముప్పై మిల్లీమీటర్ల గీత దగ్గర ఎర్ర దారం కట్టాను. నీళ్ళు దారం దాటితే ఇక చర్చ లేదు, బయలుదేరడమే. నేను ఊళ్ళో లేకపోతే ఎవరు చూడాలో, ఎవరి కారు ఉండాలో అదీ రాశాను.

కూతురు కాగితం రెండుసార్లు చదివింది. తరవాత, "ఒక రోజు అని ఎందుకు అడిగానో తెలుసా?" అంది.

తెలియదన్నాను.

"అడిలైడ్ నుంచి ఇక్కడికి కారులో ఎనిమిది గంటలు. ఆఫీసులో చెప్పి, సర్దుకుని, నడిపి, నేను వచ్చి అమ్మని ఎత్తుకోవడానికి ఎంత పడుతుందో లెక్క వేసి ఒక రోజు అన్నాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇందులో నా పేరు ఎక్కడా లేదు."

"మీకు ఫోన్ చేయడం ఉంది. ఏడో వరుస," అన్నాను.

చూసుకుని నవ్వింది. సామాను సర్దలేదు. వెళ్ళేముందు గులాబీకి నీళ్ళు పోసింది.

సెప్టెంబరులో వచ్చే వసంతం పత్రికలో నా మూల సరిపోలేదు. వెనక పేజీలో సగం ఇచ్చారు. తప్పు ఎక్కడ చేశానో, ఎందుకు చేశానో, ఎవరు కనిపెట్టారో, ఎవరి గీత సరైనదో అంతా రాశాను. పట్టిక మళ్ళీ వేశాను, ఈసారి నాలుగు వరుసలూ. మాగ్‌పై వార్త కంటే ముందు అదే చదివామని ముగ్గురు చెప్పారు. మూడో ఇంటి ముసలాయన మాత్రం, మీ పద్ధతిలో అయితే అర్ధరాత్రి దాటాక తాగిన బీరు నిన్నటి లెక్కలోకి వస్తుందా అని అడిగాడు. వస్తుందని చెప్పాను. సంతోషించాడు.

ఈ అక్టోబరులో, కప్పు మీద వాన మొదలైన చప్పుడుకి మెలకువ వచ్చి చూస్తే రెండు గంటలు. నాలుగింటికి లేచి స్నానం కంటే ముందు టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. నీళ్ళు ఎర్ర దారానికి నాలుగు గీతలు పైన ఉన్నాయి. నాలుగూ పదికి ఫోన్ చేశాను. ఒక్క మోతకే ఆవిడ ఎత్తింది.

"షూస్ వేసుకుని కూర్చున్నా. నువ్వే ఆలస్యం," అంది.

బస్సాయన మూడింటికే డ్యూటీకి పోయాడు. కాగితంలో అది కూడా ఉంది, అప్పుడు మా అల్లుడి కారు. మా బల్ల దగ్గర ఆవిడ కూర్చునేసరికి నాలుగూ యాభై నాలుగు. నలభై నాలుగు నిమిషాలు. పిల్లి బుట్టలో నిద్రపోతూనే వచ్చింది. ఏడో వరుస ప్రకారం కూతురికి ఫోన్ చేస్తే, ఆమె మొదట అడిగింది పిల్లి సంగతి.

పొద్దున్న ఉప్మా తిని, ముందు గదిలో కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని, బైనాక్యులర్లు పెట్టుకుని ఆవిడ తన ఇంటి వైపే చూస్తూ కూర్చుంది. మా అమ్మాయి నైట్ డ్యూటీ నుంచి చుట్టు రోడ్డు మీద వచ్చి, ఆవిడ బీపీ చూసి, నాది కూడా చూసింది. నాదే ఎక్కువ ఉంది.

మధ్యాహ్నం ఆవిడ పిలిచింది. "నా పోస్టు డబ్బా కాళ్ళు తడిశాయి టీచర్."

గడియారం చూశాను. ఒకటీ నలభై. పదకొండు గంటల నలభై నిమిషాలు. నది రెండో మెట్టు దాకా వచ్చి, రాత్రంతా అక్కడే ఉండి, దిగడం మొదలుపెట్టింది. మూడో మెట్టు తడవలేదు.

మూడో రోజు వీధి కడిగాక అందరం కిందికి వెళ్ళాం. గులాబీ బురదలో ఒరిగి ఉంది కానీ వేరు గట్టిగానే ఉంది. బస్సాయన దాన్ని నిలబెట్టి కర్ర కట్టాడు. ఆవిడ బట్టలుతికే గదిలోకి వెళ్ళి పెన్సిలు వెతికి, తలుపు దగ్గర నిలబడి, నాకు ఇచ్చింది.

"ఈసారి నువ్వు రాయి."

ఆ తలుపు మీద వాళ్ళిద్దరి రాత తప్ప ఇంకెవరిదీ లేదు. ఎత్తు కొలిచి గీత గీశాను. తేదీ వేసి, మంగళవారం, మధ్యాహ్నం ఒకటీ నలభై అని రాశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా వచ్చి చదివింది.

"ఏ మంగళవారం?" అంది. "మీదా, మాదా?"

"పట్టపగలు కదా," అన్నాను. "ఇద్దరిదీ."